లంకలో కాపురం, విశాఖలో ట్రయల్: క్యాన్సర్ మందు పరీక్షలో ఉన్నవారు రోజులు ఎలా గడుపుతున్నారు?

లంక టీచరు | జూలై 6, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. మాది పి.గన్నవరం మండలంలో వశిష్ఠ పాయ అవతల ఉన్న ఒక లంక. ఇరవై ఆరేళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి, ఆరోగ్యం సహకరించక ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాను. నాలుగేళ్ల క్రితం ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ పూర్తిచేసుకుని, హార్మోను మాత్రలు వేసుకుంటూ మళ్లీ మామూలు మనిషినయ్యాననే అనుకున్నాను. గత సంక్రాంతి నెలలో ముగ్గు వేయడానికి వంగి, లేవలేకపోయాను. అప్పుడు తీసిన స్కాన్‌లో జబ్బు వెన్నెముకకూ కాలేయానికీ చేరిందని తెలిసింది. మా అమ్మమ్మ కాలంలో దీన్ని రాచపుండు అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. మా వీధిలో ఇప్పటికీ గొంతులు అలాగే తగ్గుతున్నాయి.

విశాఖపట్నంలో నన్ను చూస్తున్న డాక్టరు గారు ఏప్రిల్‌లో ఒక మందు పరీక్ష గురించి చెప్పారు. నా గడ్డ ముక్కను పరీక్షిస్తే పీఐకే3సీఏ అనే జన్యువులో మార్పు ఉన్నట్టు తేలింది. హార్మోనుతో పెరిగే రకపు రొమ్ము క్యాన్సర్లలో దాదాపు నూటికి నలభైలో ఈ మార్పు ఉంటుందట. దాని మీద పనిచేసే ఆల్పెలిసిబ్ అనే మందుకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. అదే కుటుంబానికి చెందిన ఇంకొక కొత్త మందును ఇప్పుడు మూడో దశలో పరీక్షిస్తున్నారు. ఇందులో చేరిన ప్రతి ఒక్కరికీ నెలనెలా హార్మోనును అడ్డుకునే ఇంజెక్షన్ ఇస్తారు. దానికి తోడు రోజూ వేసుకునే మాత్ర కొందరికి అసలు మందు, మిగతావారికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో మాకూ తెలియదు, డాక్టరు గారికీ తెలియదు.

మే నెలలో సంతకం పెట్టాను. చేరాలా వద్దా అని అడగడానికి ఈ చర్చ మొదలుపెట్టలేదు. చేరిన తర్వాత రెండు ఆసుపత్రి తేదీల మధ్య ఉండే రోజుల గురించి నాకు చెప్పేవారు ఎవరూ లేరు. ఇరవై ఎనిమిది రోజులకొకసారి పడవ, ఆటో, బస్సు, రైలు ఎక్కి వెళ్లి రావాలి. ప్రతిరోజూ డైరీలో మాత్ర వేసుకున్న వేళ, ఒంట్లో కలిగిన ప్రతి మార్పూ రాయాలి. ఎనిమిది వారాలకొకసారి స్కాన్ ఉంటుంది, దానికి ముందు వారం రోజులు నిద్ర ఉండదు. ఇలాంటి పరీక్షల్లో ఉన్నవారు, ఉన్నవారిని ఇంట్లో చూసుకుంటున్నవారు మీ అనుభవాలు చెబితే నాకు ఎంతో తోడుగా ఉంటుంది.

గౌతమి గట్టు | జూలై 7, ఉదయం 6:25

అమ్మా, మీ ధైర్యానికి నమస్కారం. నేను మీ కంటే చాలా పెద్దవాణ్ణి కనుక మనసులో ఉన్నది దాచకుండా రాస్తున్నాను. ట్రయల్ అనే మాట వింటే నాకు భయమే మొదట కలుగుతుంది. 2009లో మన గోదావరి ఎగువన, అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను వేలమంది ఆడపిల్లలకు వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లే అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపించారు. అక్కడ జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినా ఆ పిల్లల తరఫున అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద ఆడవాళ్లను డబ్బు ఆశ చూపి హైదరాబాదు తీసుకువెళ్లి రొమ్ము క్యాన్సర్ మందు మింగించిన సంగతి కూడా మనం పత్రికల్లో చదివాం.

మీరు చదువుకున్నవారు, ఇష్టపడే చేరారు. మీ పక్క మంచంలోని చదువురాని మనిషికి కూడా అదే వివరం, అదే ఓపికతో చెబుతున్నారా అన్నదే నా ప్రశ్న.

లాకుల దగ్గర నర్సు | జూలై 7, రాత్రి 10:40

గౌతమి గట్టు గారి ప్రశ్న చాలా న్యాయమైనది. నేను తొమ్మిదేళ్లుగా క్యాన్సర్ పరీక్షల్లో స్టడీ నర్సుగా పనిచేస్తున్నాను. పుట్టినూరు ధవళేశ్వరం. నాకు తెలిసినంతవరకు జవాబు రాస్తాను.

పిడుగురాళ్లలో జరిగింది వేరే రకం పరీక్ష. అప్పటికే ఉన్న మందును మరో కంపెనీ తయారు చేసినప్పుడు, అది రక్తంలో పాత మందుతో సమానంగా చేరుతుందో లేదో తెలుసుకోవడానికి సాధారణంగా జబ్బులేని మనుషులకు డబ్బిచ్చి ఇస్తారు. డబ్బు కోసం ఒళ్లు అప్పగించే పరిస్థితి అక్కడ సులువుగా ఏర్పడుతుంది. టీచర్ గారు ఉన్నది రోగికి చికిత్సలో భాగంగా జరిగే పరీక్ష. ఇందులో మందుకూ, పరీక్షలకూ రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. రాకపోకల ఖర్చు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంటే అది కాగితంలో రాసి ఉంటుంది.

ఆ చేదు అనుభవాల తర్వాత, మందు పరీక్షల మీద సుప్రీంకోర్టులో నడిచిన కేసు తర్వాత నియమాలు బిగిశాయి. ఇప్పుడు అమలులో ఉన్నవి 2019 మార్చిలో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. వాటి ప్రకారం ప్రతి పరీక్షనూ ఎథిక్స్ కమిటీ, అంటే పరీక్షలో చేరేవారి హక్కులనూ క్షేమాన్నీ చూసే సంఘం, అనుమతించాలి. ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, వారిలో సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివారై ఉండాలి. న్యాయం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు, కనీసం ఒక స్త్రీ అందులో ఉండి తీరాలి. పరీక్ష వల్ల హాని కలిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, పరిహారం ఇవ్వాలి. తీవ్రమైన హాని జరిగితే డాక్టరు గారు 24 గంటల్లోగా ప్రభుత్వానికీ, పరీక్ష నడిపిస్తున్న కంపెనీకీ, ఎథిక్స్ కమిటీకీ తెలియజేయాలి. సంతకం పెట్టిన కాగితం ప్రతి ఒకటి రోగి ఇంట్లో ఉండాలి. చదువురానివారి విషయంలో ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి ఎదురుగా కాగితం మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి.

మీరే చూసుకోగలిగినది ఇంకొకటి ఉంది. సీటీఆర్ఐ అంటే రాజమహేంద్రవరం వాళ్లకు పొగాకు పరిశోధన సంస్థే గుర్తుకొస్తుంది. నేను చెప్పే సీటీఆర్ఐ వేరు. అది 2007లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో జరిగే ప్రతి పరీక్షనూ అందులో నమోదు చేయడం తప్పనిసరి. ఎవరైనా డబ్బు కట్టకుండా అందులో వెతికి, తాము చేరిన పరీక్ష ఉందో లేదో చూసుకోవచ్చు. అందులో కనిపించని పరీక్షలో దయచేసి చేరకండి.

కాగితం మీద నియమం ఉన్నంత మాత్రాన ప్రతి చోటా ఓపికగా చెబుతున్నారని నేను హామీ ఇవ్వలేను. సాయంత్రం నాలుగింటికి, ఇంకా ముప్పై మంది బయట కూర్చుని ఉన్నప్పుడు, ఇరవై రెండు పేజీల కాగితాన్ని పది నిమిషాల్లో ముగించడం నేను చూశాను. అలా జరిగితే ఆ రోజు సంతకం పెట్టకుండా కాగితాన్ని ఇంటికి తీసుకువెళ్లే హక్కు రోగికి ఉంది. ఆ మాట నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను.

లంక టీచరు | జూలై 8, మధ్యాహ్నం 2:15

నర్సమ్మా, నేను కాగితాన్ని ఇంటికే తెచ్చుకున్నాను. ఐదు రోజులు చదివాను. తెలుగులోనే ఉంది కానీ ఆ తెలుగు చదివి అర్థం చేసుకోవడానికి టీచరుగా నాకే కష్టమైంది. ‘యాదృచ్ఛికీకరణ’ అనే మాట దగ్గర మా ఆయన ఆగిపోయారు. చీటీలు తీసినట్టు ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో కంప్యూటరు తేలుస్తుందని ఆసుపత్రిలో పరీక్ష పనులు చూసే కోఆర్డినేటర్ అమ్మాయి చెప్పాక ఆయనకు ఒక్క క్షణంలో అర్థమైంది. చీటీల పాట తెలియని ఇల్లు మన దగ్గర లేదు కదా. ఆ ఒక్క వాక్యాన్నే కాగితంలో రాసి ఉంటే బాగుండేది.

నేను పదకొండు ప్రశ్నలు నోటుపుస్తకంలో రాసుకుని వెళ్లాను. ఉత్త మాత్ర వస్తే నాకు వైద్యం లేకుండా పోతుందా అన్నది మొదటి ప్రశ్న. నెలనెలా హార్మోను ఇంజెక్షన్ అందరికీ అందుతుందని, పరీక్ష బయట ఉన్నా ఆ డాక్టరు గారు నాకు రాసే చికిత్సల్లో అది ఒకటని తెలిశాక మనసు కుదుటపడింది. మధ్యలో మానేస్తే కోపగించుకుంటారా అన్నది చివరి ప్రశ్న. ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండానే మానేయవచ్చనీ, అప్పుడు కూడా ఇదే ఆసుపత్రి నా వైద్యం చూస్తుందనీ డాక్టరు గారు చెప్పారు. నేను సంతకం పెట్టింది ఆ చివరి జవాబు విన్నాకే.

ఊళ్లో మాత్రం ‘ఎవరో కంపెనీ వాళ్లు డబ్బులిచ్చి టీచరమ్మ చేత మందులు మింగిస్తున్నారట’ అని చెప్పుకుంటున్నారు. ఆ మాటకు నేనింకా సమాధానం వెతుక్కుంటూనే ఉన్నాను.

నరసాపురం రేవు | జూలై 9, ఉదయం 7:50

టీచర్ గారూ, ఊరి మాటకు నా దగ్గర ఒక సమాధానం ఉంది. మా నాన్నగారు నలభై ఏళ్లు చుట్ట కాల్చారు. రెండేళ్ల క్రితం నాలుక కింద పుండు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేశాక కూడా మెడలో తిరగబెట్టింది. నివోలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే జబ్బు మీదికి పంపేది, ఉందన్నారు. రెండు వారాలకొకసారి 240 మిల్లీగ్రాములు ఇవ్వాలి. ఆ ఖర్చు విన్నాక కొబ్బరితోట అమ్మినా ఎన్నాళ్లు వస్తుందని లెక్క వేసుకుని, అందరం మౌనంగా ఇంటికి వచ్చేశాం.

తర్వాత ఇంకొక డాక్టరు గారు, మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే, మూడు రకాల మాత్రలతో కలిపి ఇచ్చే పద్ధతి ఉందని చెప్పారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు 151 మంది రోగులతో పరీక్ష చేసి 2022లో ఆ ఫలితాన్ని ప్రకటించారు. మాత్రలు మాత్రమే వేసుకున్నవారిలో ఏడాది తర్వాత బతికి ఉన్నవారు నూటికి 16 మంది. తక్కువ మోతాదు నివోలుమాబ్ కూడా కలిపి తీసుకున్నవారిలో 43 మంది. మా నాన్నగారు ఆ పరీక్షలో లేరు. అయినా ఆయనకు ఈ రోజు అందుతున్న మందు మోతాదు ఆ 151 మంది ఒళ్ల మీద తేలినదే. వారిలో చాలామంది ఇప్పుడు లేరు. వారిలో సగం మందికి ఆ ఇంజెక్షన్ అందనే లేదు, అయినా వారు లేకపోతే ఆ ఇంజెక్షన్ పనిచేసిందని ఎవరికీ తెలిసేది కాదు. వారి పేర్లు నాకు తెలియవు. వారి కోసం మా అమ్మ కార్తీక మాసంలో మాధవాయిపాలెం రేవులో దీపం వదిలింది.

మీ ఊరివాళ్లు అడిగితే ఇది చెప్పండి.

లంక టీచరు | జూలై 23, సాయంత్రం 5:30

రెండు వారాలు రాయలేకపోయాను, క్షమించండి. గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, అంటే బ్యారేజీ నుంచి 13 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదులుతున్నారు. కాజ్‌వే మునిగింది, నాటు పడవలు ఆపేశారు. 2022 జూలైలో 25 లక్షలు దాటిన వరద చూసినవాళ్లం కనుక నీళ్లకు ఊరు భయపడలేదు. నా భయం వేరు. 18వ తేదీన నేను విశాఖలో ఉండాలి. మూడు రోజులు అటూ ఇటూ కావచ్చు, అంతకు మించకూడదు. మాత్రల డబ్బాలో మిగిలినవి ఐదు. మాత్రలను 25 డిగ్రీలు దాటని చోట ఉంచమన్నారు, కానీ కరెంటు రెండు రోజులు లేదు. మా ఆయన డబ్బాకు ప్లాస్టిక్ సంచి చుట్టి, కొత్త కుండలో పెట్టి, కుండ చుట్టూ తడిగుడ్డ కట్టారు.

ఫోను పనిచేసిన ఒక్క పూటలో కోఆర్డినేటర్ అమ్మాయికి చెప్పాను. నన్ను పరీక్షలోంచి తీసేస్తారని ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆ అమ్మాయి నిదానంగా ‘అమ్మా, మీరు క్షేమంగా ఉండటం ముందు. తేదీ దాటితే దాన్ని నియమం నుంచి తప్పినట్టు రాసి, కారణం కూడా రాసి ఎథిక్స్ కమిటీకి పంపుతాం. వరదను దాటి రమ్మని ఏ పరీక్షా అడగదు’ అంది. చివరికి ఎన్డీఆర్ఎఫ్ పడవలో ఒడ్డు దాటి, నాలుగు రోజులు ఆలస్యంగా చేరాను. కుండలో ఉంచిన మాత్రల సంగతి కూడా చెప్పాను. వాటిని వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చారు.

లంకల్లో ఉండి ఇలాంటి పరీక్షలో చేరేవారు జూలై, ఆగస్టు నెలల తేదీలను ముందే చూసుకుని, ఆ వారంలో ఒడ్డున బంధువుల ఇంట ఉండటం మంచిది. మొదటి హెచ్చరిక వచ్చినప్పుడే నేను కదలాల్సింది. వచ్చే నెల నుంచి రాజమహేంద్రవరంలో మా ఆడపడుచు ఇంటి నుంచి వెళ్తాను.

ఆచంట ఊడ్పులు | జూలై 25, రాత్రి 8:05

టీచర్ గారికి నమస్కారమండి. నాకు పెద్దపేగు క్యాన్సర్. నేనున్న పరీక్షలో రెండు గుంపులకూ కేపెసిటాబిన్ మాత్రలు ఉన్నాయి, ఒక గుంపుకు దాని మీద కొత్త మందు కలుపుతారు. మూడో విడత మందు (సైకిల్) నుంచి నా అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి పొరలు పొరలుగా ఊడిపోవడం మొదలైంది. చెప్పులు లేకుండా చేలో దిగే మనిషిని, ఊడ్పుల వేళ నీళ్లలో కాలు పెట్టలేక గట్టు మీద కూర్చున్నాను. అది ఒక బాధ. రెండో బాధ ఎవరూ ముందుగా చెప్పనిది. రేషన్ డీలరు దగ్గర మెషీన్ నా వేలిముద్రను గుర్తించలేదు. పది వేళ్లూ పెట్టి చూశాం. వేళ్ల మీది గీతలు చెరిగిపోయాయి. ఈ మాత్రల వల్ల వేలిముద్రలు పోయిన సంగతి 2009లోనే వైద్య పత్రికల్లో వచ్చిందని డాక్టరు గారు తర్వాత చెప్పారు. కనుపాపతో గుర్తించే పరికరం తెప్పించాక బియ్యం అందాయి. ఈ మాత్రలు వాడేవారు ఆ ఏర్పాటు ముందే చూసుకోవాలి.

మూడోది నా తప్పే. ప్రతిసారీ నర్సమ్మ ‘చేతులు ఎలా ఉన్నాయండీ’ అని అడిగితే ‘పర్వాలేదండి’ అన్నాను. పెద్దవాళ్ల ముందు బాధలు చెప్పుకోవడం మర్యాద కాదని పెరిగినవాళ్లం కదండీ. అలా రెండు నెలలు చెప్పాక, అన్నం కలుపుకోలేని స్థితి వచ్చింది. ముందే చెప్పి ఉంటే వారం రోజులు మందు ఆపి, మోతాదు తగ్గించి ఇచ్చేవారట. ఇప్పుడు అలాగే ఇస్తున్నారు. చేతులు నయమవుతున్నాయి.

లాకుల దగ్గర నర్సు | జూలై 25, రాత్రి 11:30

అన్నయ్య గారూ, ఈ తొమ్మిదేళ్లలో నేను అత్యంత ఎక్కువసార్లు విన్న మాట అదే. కృష్ణా జిల్లా వాళ్లూ అంటారు, ఉత్తరాంధ్ర వాళ్లూ అంటారు. మన గోదావరి వాళ్లు అనేటప్పుడు మాత్రం ఆ మాట వెనుక ఎంత నొప్పి ఉందో కనిపెట్టడం నాకే కష్టం.

దయచేసి అందరూ ఇది అర్థం చేసుకోండి. మేము ప్రతి బాధకూ ఒక అంకె వేస్తాం. చర్మం ఎర్రబడి నొప్పి లేకపోతే ఒకటి. నొప్పి వచ్చి ఇంటి పని కుదరకపోతే రెండు. సొంత పనులు కూడా చేసుకోలేకపోతే మూడు. మోతాదు తగ్గించాలా, ఆపాలా అన్నది ఆ అంకె మీదే ఆధారపడుతుంది. మీరు ‘పర్వాలేదండి’ అంటే నేను ఒకటి వేస్తాను, మీకు అదే మోతాదు కొనసాగుతుంది. నష్టం అక్కడితో ఆగదు. ఇలా నూరు మంది చెబితే ఆ మందు చేతులకు పెద్దగా ఇబ్బంది కలిగించదని పుస్తకాల్లోకి ఎక్కుతుంది, రేపు అదే మోతాదును ఇంకొక లంకలో ఇంకొక రైతుకు రాస్తారు. మర్యాద కోసం దాచిన నొప్పి అలా ఊళ్లు తిరుగుతుంది.

పెరటి మందారం | ఆగస్టు 14, ఉదయం 9:00

మా అత్తగారు లంగ్ క్యాన్సర్ పరీక్షలో ఉన్నారు. మా పెరట్లో తిప్పతీగ బాగా అల్లుకుంది, కరోనా రోజుల నుంచి ఇంటిల్లిపాదీ కషాయం తాగుతున్నాం. మొన్నటి రక్త పరీక్షలో ఆవిడ ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే పెరిగే అంకె) నాలుగింతలు పెరిగిందని మందు ఆపారు. కషాయం సంగతి మేము చెప్పలేదు. ఆకు పసరు మందు కింద లెక్కకు వస్తుందని మాకు తోచలేదు. ఇప్పుడు చెబితే పరీక్షలోంచి పంపేస్తారేమోనని మావారు భయపడుతున్నారు.

లాకుల దగ్గర నర్సు | ఆగస్టు 14, ఉదయం 9:20

అమ్మా, డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. ఈ రోజే, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. కషాయం ఆపేయండి. తిప్పతీగ తాగినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. అందరికీ అలా జరుగుతుందని కాదు, కానీ మీ అత్తగారి విషయంలో కారణం మందా, కషాయమా, జబ్బేనా అన్నది తేల్చకుండా డాక్టరు గారు ముందుకు వెళ్లలేరు. చెప్పకపోతే మంచి మందు మీద నింద పడి, ఆవిడకు అది శాశ్వతంగా ఆగిపోవచ్చు. నిజం చెప్పినందుకు ఆవిడను ఎవరూ దండించరు. పరీక్షలో కొనసాగించాలా వద్దా అన్నది అంకెలు తగ్గాక నిర్ణయిస్తారు.

పెరటి మందారం | ఆగస్టు 29, రాత్రి 8:40

ఆ రోజే చెప్పాం. ఎవరూ కోప్పడలేదు. రెండు వారాల తర్వాత ఎస్‌జీపీటీ దాదాపు మామూలుకు వచ్చింది. తగ్గించిన మోతాదుతో మందు మళ్లీ మొదలుపెట్టారు, వారానికొకసారి రక్త పరీక్ష చేస్తున్నారు. మీకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.

లంక టీచరు | సెప్టెంబరు 12, మధ్యాహ్నం 3:45

మందారం గారి మాట చదివాక నేనూ ఒకటి చెప్పాలి. వినాయక చవితికి పాలవెల్లికి కట్టడానికి మా తోటలోంచి పంపరపనస కోశాం. పూజ అయ్యాక మనవరాలు తొనలు ఒలిచి నా నోట్లో పెట్టబోయింది. నా కాగితంలో తినకూడనివాటి పట్టిక ఉంది, అందులో గ్రేప్‌ఫ్రూట్ అని రాసి ఉంది. ఆ పండు మన సంతలో ఎవరూ చూడనిది కనుక ఆ గీత నేను పట్టించుకోలేదు. అనుమానం వచ్చి ఫోన్ చేసి అడిగితే పంపరపనస దాని జాతిదేననీ, పేగుల్లో మందును విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుందనీ, అప్పుడు మందు రక్తంలో మోతాదుకు మించి చేరుతుందనీ చెప్పారు. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో తెలుగు పట్టికలో పంపరపనస అని కలపడానికి ఎథిక్స్ కమిటీకి పంపారట. కోనసీమ వాళ్ల కాగితంలో ఆ మాట మొదటి నుంచీ ఉండవలసింది.

ఇంకొక సంగతి నన్ను లోపల తొలుస్తోంది. ఆగస్టు నుంచి నాకు షుగర్ పెరిగింది. మూడు పూటలా అన్నం తినే ఇంట్లో పుట్టి, యాభై మూడేళ్లు షుగర్ లేకుండా గడిపిన మనిషిని. ఈ కుటుంబపు మందులు షుగర్ పెంచుతాయని కాగితంలో ఉంది. మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నాను. అయినా వేలు గుచ్చుకుని చూసిన ప్రతిసారీ అంకె ఎక్కువగా ఉంటే మనసులో ఒక సంతోషం కలుగుతోంది, నాకు అసలు మందే వచ్చింది అని. జబ్బు మనిషికి షుగర్ పెరిగితే సంతోషించడం ఏమిటని మా ఆయన బాధపడుతున్నారు. డాక్టరు గారితో ఈ మాట అనబోతే ఆయన చేయెత్తి ఆపి, ‘మనం ఇద్దరం ఊహించుకోవడం మొదలుపెడితే స్కాన్‌ను ఆ కళ్లతోనే చూస్తాం, అమ్మా. అంకెలు చెప్పండి, ఊహలు వద్దు’ అన్నారు. అంకెలే చెబుతున్నాను. ఊహ మాత్రం నా మాట వినడం లేదు.

గౌతమి గట్టు | సెప్టెంబరు 12, రాత్రి 7:30

అమ్మా, ఊహను ఎవరూ కట్టిపడేయలేరు. డైరీలో మాత్రం దాన్ని రాయకండి, అంతే చాలు. రెండు నెలలుగా ఈ చర్చ చదువుతున్నాను. భద్రాచలం విషయంలో నా కోపం తగ్గలేదు, తగ్గకూడదు కూడా. కానీ మొన్న మా వీధిలో ఒకరికి పరీక్షలో చేరమని చెప్పారని తెలిసి, నేనే వెళ్లి వారి కాగితం మొత్తం గట్టిగా చదివి వినిపించాను. రెండు పూటలు పట్టింది. రిజిస్ట్రీలో మనవడి చేత వెతికించి నమోదు సంఖ్య సరిచూశాను.

కొత్తపేట కోడలు | సెప్టెంబరు 15, ఉదయం 11:10

మానేసినవారి సంగతి కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. మా పెద్దమ్మ ఒక పరీక్షలో ఐదు నెలలు ఉండి, తనంతట తానే బయటికి వచ్చేసింది. మందు వల్ల నోరంతా పూసి మజ్జిగన్నం కూడా మింగలేకపోయింది, ప్రయాణాలు తట్టుకోలేకపోయింది. డాక్టర్లు ఇంత శ్రద్ధగా చూశాక మానేయడం కృతఘ్నత అవుతుందని నెల రోజులు మథనపడింది. చివరికి చెప్పినప్పుడు ఆ డాక్టరమ్మ గారు చేయి పట్టుకుని, మీరిచ్చిన ఐదు నెలలూ మాకు లెక్కలో ఉంటాయన్నారట. ఇప్పుడు ఇంటి దగ్గరే నొప్పికి మందు తీసుకుంటోంది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని కాలువలో పడవలు చూస్తుంది. తన నిర్ణయం సరైనదేనని మేమంతా నమ్ముతున్నాం.

లంక టీచరు | అక్టోబరు 20, రాత్రి 9:55

మొన్న మూడో స్కాన్ వచ్చింది. మొదటి రెండు స్కాన్లలో కాలేయంలోని గడ్డలు కొద్దిగా తగ్గి నిలకడగా ఉన్నాయి. ఈసారి పెరిగాయి. కొలిచే గడ్డల పొడవులన్నీ కలిపి, అన్నిటికంటే చిన్నగా ఉన్నప్పటి మొత్తంతో పోలుస్తారు. నూటికి ఇరవై వంతులు పెరిగితే జబ్బు ముదిరినట్టే లెక్క. నాకు ఇరవై ఆరు పెరిగింది. డాక్టరు గారు స్కాన్ తెర నా వైపు తిప్పి, గడ్డలను ఒక్కొక్కటిగా చూపించి చెప్పారు. పరీక్షలో నా మాత్ర ఆగిపోయింది. వచ్చే వారం నుంచి కీమో మాత్రలు మొదలవుతాయి. అవి కేపెసిటాబినే కనుక ఆచంట అన్నయ్య గారి మాటలు ఇప్పుడు నాకు పాఠం. అరచేతులకు రాసుకునే క్రీము ఈ రోజే కొన్నాను, వేలిముద్రలు చెరగకముందే ఆధార్‌లో కనుపాప వివరం సరిగా ఉందో లేదో చూసుకున్నాను.

నాకు వచ్చింది అసలు మందో, ఉత్త మాత్రో అడిగాను. తర్వాతి చికిత్సకు ఆ వివరం అవసరం లేదు కనుక ఇప్పుడు తెరవరనీ, పరీక్ష మొత్తం ముగిశాక తెలియజేస్తారనీ చెప్పారు. మిగిలిన పదకొండు మాత్రలను, ఖాళీ అట్టలను, ఐదు నెలల డైరీని అప్పగించాను. కోఆర్డినేటర్ అమ్మాయి నా ఎదుటే లెక్కపెట్టింది. నేను వేసుకోవడం మరచిపోయిన రెండు రోజులు డైరీలోనూ, అట్టలోనూ ఒకేలా ఉన్నాయి. ఇకపై మూడు నెలలకొకసారి ఫోన్ చేసి ఎలా ఉన్నానో కనుక్కుంటారట. ఒప్పుకున్నాను. ‘పర్వాలేదు’ అనను అని కూడా ఆ అమ్మాయికి మాటిచ్చాను.

యానాం వంతెన | అక్టోబరు 22, ఉదయం 8:15

టీచరమ్మా, మీ వార్త చదివి రాత్రంతా బాధపడ్డాను. మీరు కోలుకోవాలని భీమేశ్వరుణ్ణి ప్రార్థిస్తున్నాను. ఈ సమయంలో అడగడం న్యాయం కాదేమో. మా చెల్లికి వచ్చే సోమవారం విశాఖలో ఒక ట్రయల్‌లో చేర్చుకునే ముందు చేసే మొదటి పరీక్షలు చేస్తారు. ప్రయాణం, కాగితాల విషయంలో ముందుగా ఏం చూసుకోవాలో చెబుతారా?

లంక టీచరు | అక్టోబరు 22, ఉదయం 8:50

తప్పకుండా చెబుతాను తల్లీ, అడిగినందుకు సంతోషం. ఆసుపత్రిలో రైల్వే రాయితీ పత్రం మీద డాక్టరు గారి సంతకం, ముద్ర మొదటి రోజే అడిగి తీసుకోండి. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ, మూడో తరగతి ఏసీలోనూ టికెట్ ఛార్జీ ఉండదు, తోడు వెళ్లేవారికి ముప్పాతిక వంతు తగ్గుతుంది. పాత బయాప్సీ బ్లాకు, స్లయిడ్లు (అప్పుడు పరీక్షకు తీసి దాచిన గడ్డ ముక్కలు) ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే ఉంటాయి. వాటిని ఈ వారంలోనే తెచ్చుకోండి, నాకు వాటి కోసమే పన్నెండు రోజులు పోయాయి. చెల్లి వేసుకునే ప్రతి మాత్ర అట్టనూ, కషాయాలూ చూర్ణాలూ ఉంటే వాటిని కూడా ఒక సంచిలో వేసి తీసుకువెళ్లండి. ఆ రోజు ఖాళీ కడుపుతో రక్తం తీస్తారు కనుక డబ్బాలో ఇడ్లీ పెట్టుకోండి. చెల్లి నోటుపుస్తకంలో ప్రశ్నలు తన చేత్తోనే రాసుకోమనండి. సోమవారం నేనూ కీమో కోసం అక్కడే ఉంటాను. ఆకుపచ్చ గుడ్డ సంచి పట్టుకుని రక్త పరీక్షల గది ఎదురుగా బల్ల మీద కూర్చుంటాను, వచ్చి పలకరించండి.